ఇస్సాకు ఏమన్నాడు

ఆ శనివారం పొద్దున ఎస్తేరుకు పని సాగలేదు. ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ళకు నూలు కండెలు చుట్టి ఇవ్వడం ఆమె పని. రాట్నం ముందు కూర్చుంటే చెయ్యి దానంతటదే తిరిగేది. ఆ రోజు మాత్రం దారం ఊరికూరికే తెగుతోంది. ఆమె చూపు దారం మీద లేదు. వాకిట్లో అద్దం పెట్టుకొని, గీసిన గడ్డమే మళ్ళీ గీసుకుంటున్న మొగుడి మీద ఉంది.

ఇస్సాకు సినిమాలో పడ్డాడు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోసే హమాలీ ఇస్సాకు నిజంగానే సినిమాలో పడ్డాడు. కిందటి పత్తి సీజనులో సినిమావాళ్ళు యార్డుకు వచ్చారు. పెళ్ళాంతో తగువు పెట్టుకొని ఇల్లు విడిచి వచ్చిన కథానాయకుడికి టీ కొట్టు దగ్గర ఒక హమాలీ నాలుగు మాటలు చెప్పాలి. అందుకు ఇస్సాకును కూర్చోబెట్టారు. రాసిచ్చిన మాటలు ఆయన నోట పలకలేదు. చివరికి దర్శకుడు కాగితం పక్కన పెట్టి, నువ్వైతే ఆ అబ్బాయికి ఏం చెప్తావో అదే చెప్పమన్నాడట. ఇస్సాకు చెప్పాడు. ఏం చెప్పాడని ఇంట్లో ఎంత అడిగినా, సినిమాలో చూద్దురులే అని నవ్వి తప్పించుకున్నాడు.

ఆ సినిమా థియేటర్లకు రాలేదు. ఇంట్లో టీవీలో చూసుకునే యాప్‌లోకి నేరుగా వచ్చేసింది. ఆదోనిలో డిగ్రీ చదువుతున్న కూతురు ప్రార్థన తెల్లవారకముందే లేచి, వచ్చేసిందంటూ అమ్మను కుదిపి లేపింది. ఎస్తేరు అత్త మేరి, పోయిన క్రిస్మస్‌కు కొన్న చీర తీసి కట్టుకుంది. ఎదురింటి ఉరుకుందమ్మ, ఆమె మొగుడు దేవేంద్రప్ప మగ్గం ఆపేసి మరీ వచ్చారు. చిన్న గదిలో చాపలు పరిచారు, బొరుగులు కలిపారు. ఎస్తేరు టీవీకి బాగా దగ్గరగా, గోడకు ఆనుకొని కూర్చుంది.

ఆమెకు చెవులు వినపడవు. బడికి పోయే వయసులో వచ్చిన జ్వరం వినికిడిని పట్టుకుపోయింది. అప్పటికే మాటలూ చదువూ వచ్చినందువల్ల అవి రెండూ మిగిలాయి. ఎదురుగా కూర్చొని మాట్లాడితే పెదవులు చూసి పట్టుకుంటుంది. బైబిలు మొదలు పొట్లాం కట్టిన పేపరు దాకా తెలుగులో ఏది దొరికినా చదువుతుంది. ఇస్సాకు గొంతు ఎలా ఉంటుందో మాత్రం ఆమెకు తెలియదు.

సినిమా పెట్టే ముందు ప్రార్థన కాసేపు వెతికి, అమ్మ వైపు తిరిగింది.

"బొమ్మ కింద తెలుగు అక్షరాలు లేవు మా. ఇంగ్లీషు ఒగటే ఉండాది."

ఎస్తేరుకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ ఉత్సాహంలో పెట్టమని చెయ్యి ఊపింది. బొమ్మ చూస్తే చాలదా, మన ఇస్సాకే కదా కనపడేది అని మేరి కూడా అంది.

కథ ఎక్కడికి పోతోందో ఎస్తేరుకు సగం తెలిసింది, సగం తెలియలేదు. ఉన్నట్టుండి గదిలో అందరూ ఒక్కసారి కదిలారు. తెర మీద ఆదోని యార్డు. పత్తి కుప్పలు, టీ కొట్టు, బల్ల మీద ఇస్సాకు. ఎస్తేరు ఇంకాస్త ముందుకు జరిగింది. ఆయన పెదవులు కదలడం మొదలయ్యేసరికి కెమెరా ఆయన వీపు వెనక్కి పోయింది. కథానాయకుడి మొహం కనపడుతోంది. మాట్లాడుతున్న మొగుడి మొహం కనపడటం లేదు.

కథానాయకుడు నవ్వాడు. గదిలో అందరూ విరగబడి నవ్వారు. దేవేంద్రప్ప తొడ చరుచుకున్నాడు. నవ్వుతూనే అందరూ ఎస్తేరు వైపు తిరిగారు. ఆమె కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. ఉరుకుందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రార్థన కళ్ళు తుడుచుకుంటోంది. ఎస్తేరు కూతురి మోచెయ్యి పట్టుకొని ఏమన్నాడని అడిగింది. ప్రార్థన తెర నుంచి కళ్ళు తిప్పకుండానే ఉండమని చెయ్యి చూపించింది. అత్తను అడిగితే, నీ గురించేనే అంది. అంతలో దృశ్యం మారిపోయింది. సినిమా అయిపోగానే అందరూ ఇస్సాకును బయటికి లాక్కుపోయారు.

మధ్యాహ్నం అన్నం పెడుతూ ఆయన్నే అడిగింది. ఇస్సాకు చెవులదాకా ఎర్రబడ్డాడు.

"ఏం లేదులే. ఊరికే ఏదో అంటి."

ప్రార్థనను అడిగితే, బాగా చెప్పినాడు మా, మిగతాది నాయనే సెప్తానన్నాడు అంది. బాగా అంటే ఏం మాటలని ఎస్తేరు మళ్ళీ అడిగేలోపు ఆ పిల్ల ఫోను మోగింది, ఎవరో స్నేహితురాలు నాన్నను పొగడటానికి చేసింది. ఆ ఇంట్లో ఆ రెండు మూడు రోజులూ ఫోను మోగుతూనే ఉంది.

ఆదివారం చర్చిలో ఆడవాళ్ళు ఎస్తేరును చూసి ఒకరినొకరు గిల్లుకొని నవ్వారు. కిరాణా కొట్టు ముసలాయన తన చెవి ముట్టుకొని, వేలు అటూ ఇటూ ఆడించి, పకపకా నవ్వాడు. ఆ సైగ ఎస్తేరుకు కొత్తది కాదు. బడిలో వెనక బెంచీ పిల్లలు ఆమె వీపు వెనక చేసిన సైగే అది. ఆమె తిరిగి చూస్తే ఆపేసేవాళ్ళు. ఇన్నేళ్ళ తర్వాత ఆ సైగ మళ్ళీ ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అర్థమైంది. మొగుడు తన చెవిటితనం మీద జోకు వేశాడు. ఊరంతా నవ్వింది. అందుకే ఇంట్లో నోరు విప్పడం లేదు.

సోమవారం ఇస్సాకు పనికి పోయాక ఆమె రాట్నం ముట్టలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆదోని బస్సెక్కింది.

మార్కెట్ యార్డులో పత్తి బండ్లు, ట్రాక్టర్లు కిక్కిరిసి ఉన్నాయి. ఇస్సాకుతో మోత మోసే బజారి అనే హమాలీ ఆమెను చూడగానే మూట దించేసి, చెవి మీద చెయ్యి పెట్టుకొని పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. ఎస్తేరు ఆగలేదు. దుమ్ము పోకుండా మూతికి తువ్వాలు చుట్టుకొని కుప్ప పక్కన నిలబడి ఉన్న మొగుడి దగ్గరికి సూటిగా పోయింది. ఆయన కంగారుగా ఏదో అంటున్నాడు, తువ్వాలు కదలడం తప్ప ఆమెకేమీ కనపడలేదు. చెయ్యి చాచి ఆ తువ్వాలును కిందికి లాగేసింది.

"నోరు సూపిచ్చి సెప్పు. సినిమాలో నన్నేమంటివి?"

ఆమె గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆమెకు తెలియదు. చుట్టూ పని ఆగిపోవడం మాత్రం చూసింది.

"ఇంటికి పా, ఎస్తేరూ. ఆడ మాట్లాడుకుందాం," అన్నాడు ఇస్సాకు.

"ఇంట్లో అడిగితే ఏం లేదంటివి. కొట్టుకాడ నవ్వుతాండారు, చర్చికాడ నవ్వుతాండారు. నా సంగతి ఊరందరికీ తెలుసు, నాకొగదానికే తెలీదు. చెవిటిదాన్ని కట్టుకున్యానని సెప్పి నవ్విస్తివా?"

ఇస్సాకు మొహం పాలిపోయింది. కాదు కాదని తల ఊపాడు.

"ఆ పొద్దు ఎట్లొచ్చిందో వచ్చింది. ఇప్పుడు నీ మొగం సూసి సెప్పల్లంటే నోరు రాదే."

ఎస్తేరు వెనక్కి తిరిగి నడిచింది. కన్నీళ్ళలో బస్టాండు దారి కూడా సరిగ్గా కనపడలేదు. బస్సు కదులుతుండగా ఇస్సాకు పత్తి అంటుకున్న బట్టలతోనే ఎక్కాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎమ్మిగనూరు దాకా ఆమె కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు. ఆయన మాట్లాడటానికి వీల్లేకుండా పోయింది.

ఆ రోజు కాలేజీ లేక ప్రార్థన ఇంట్లోనే ఉంది. ఇద్దరి వాలకం చూసి, సంగతి తెలుసుకొని, ముందు తండ్రి మీద లేచింది. ఇంకా చెప్పలేదా అని. అంతలో తల్లి ఆమె గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకుంది.

"ఆయప్ప సిగ్గుపడినాడు. నీకేమైంది? అక్షరాలు లేవని తెలిసీ పెడితివి. నేను ఆడ కూసుంటే సాలు, నాకు తెలియకపోయినా పర్వాలేదనుకుంటిరి అందరూ. బాగా సెప్పినాడంట. ఆ బాగా అనేది నాకేం పనికొస్తాది? నాకు మాటలు కావల్ల."

పుట్టినప్పటి నుంచి అమ్మ ఎదుట కూర్చొని మాట్లాడిన పిల్ల ప్రార్థన. టీవీ ముందు మాత్రం ఆ సంగతే మర్చిపోయింది. పండగలకు వచ్చిన సినిమాలన్నీ అమ్మను పక్కన పెట్టుకొని చూసింది. అమ్మ నవ్వుతూ ఉంటే అర్థమవుతోందనే అనుకుంది. ఆమెకు ఏడుపు వచ్చింది, దాంతో పాటు పట్టుదల కూడా వచ్చింది. ఆ మాటలు తాను ఒప్పజెప్పడం కాదు, అందరిలాగే అమ్మా సినిమాలోనే చూడాలనుకొని, కళ్ళు తుడుచుకొని, నాన్న ఫోనులోంచి సినిమావాళ్ళ నంబరు తీసింది.

ఎత్తినవాడు దర్శకుడి సహాయకుడు. తెలుగు సినిమాకు తెలుగు అక్షరాలు ఎందుకు, తెలుగువాళ్ళకు వినపడుతుంది కదా, పరాయి వాళ్ళ కోసం ఇంగ్లీషు వేశాం కదా అన్నాడు.

"మా అమ్మకు వినపడదు సార్. మీ సినిమాలో మా నాయన సెప్పింది ఆయమ్మ గురించే. రాష్ట్రం బయట ఉండేటోళ్ళకు గూడా అది తెలిసింది. ఆయమ్మకు తెలీలేదు."

ఆయన ఒక్క నిమిషం ఉండమన్నాడు. తర్వాత ఫోను దర్శకుడి చేతికి పోయింది. తనకు ఆ ఆలోచనే రాలేదని ఆయన ఒప్పుకున్నాడు. మాటలన్నీ తెలుగులో రాసి పంపితే, సమయానికి సరిపోయేలా అమర్చి యాప్‌లో పెట్టిస్తానన్నాడు.

ఇక ఆ ఇల్లు ఇల్లులా లేదు. ప్రార్థన సినిమాను ముక్కముక్కగా ఆపుతూ రాసేది. వేగంగా అన్న మాటలు పట్టడానికి మేరి చెవి ఒగ్గి కూర్చునేది. వెనక వీధిలో వినపడని ఇంకొకామె ఉంది, ఆమెకూ చెప్పాలని ఉరుకుందమ్మ హడావిడి. తన ఘట్టం రాగానే ఇస్సాకు సిగ్గు మరిచిపోయి తగువుకు దిగాడు. కూతురు 'చెవులు' అని రాస్తే, నేను 'సెవులు' అన్యా, అన్నట్టే రాయమన్నాడు. తెర మీదే చదువుదువులే అని ఎస్తేరును ఆ కాగితాలు చూడనివ్వలేదు. ఆమె అడిగింది ఒక్కటే. ఏదీ తగ్గించి రాయొద్దు, రైలు కూస్తే అదీ, వాన పడితే అదీ రాయాలి. ఇన్ని శబ్దాలు ఉన్నాయని రాస్తుంటేనే తెలిసిందని దేవేంద్రప్ప ఆశ్చర్యపోయాడు. మొగుడి మీద కోపం ఇంకా తగ్గకపోయినా, ఎస్తేరు కాళ్ళు మాత్రం నేల మీద నిలవలేదు. ఎప్పుడొస్తుందని రోజూ అడిగేది.

అది వచ్చిన సాయంత్రం చాపలు చాలలేదు. యార్డు నుంచి బజారి కూడా వచ్చాడు. తెర కింద తెల్లటి తెలుగు అక్షరాలు పడగానే ఎస్తేరు వెన్ను నిటారైంది. ప్రతి మాటా చదివింది. కథానాయకుడి తల్లి గొణుగుడు కూడా చదివి నవ్వింది. యార్డు వచ్చింది. ఇస్సాకు లేచి గుమ్మం దగ్గరికి పోయి నిలబడ్డాడు.

కథానాయకుడు అన్నాడు: "నా పెళ్ళాం నా మాట వినదు పెద్దాయనా."

ఇస్సాకు వీపు కనపడింది. కింద అక్షరాలు పడ్డాయి.

"మా ఇంటామెకు సెవులే వినపడవప్పా. నేనేమని ఏడ్సల్ల?"

ఎస్తేరు ఫక్కున నవ్వింది. ఆ మాట గొంతులోంచి పూర్తిగా రాకముందే ఆమె చదివేసింది కాబట్టి, గదిలో అందరికంటే ముందు నవ్వింది ఆమే. తర్వాత అక్షరాలు ఒక్కొక్క వరుసగా వచ్చాయి.

"ఆయమ్మకు ఏమన్నా సెప్పల్లంటే ఎదురుగా పోయి కూసోవల్ల. మొగంలో మొగం పెట్టల్ల. అట్ల సూసినంక తిడదామంటే నోరు రాదు. కోపం యాడికి పోతాదో పోతాది. మీరు సెవులుండేటోళ్ళు. ఒగరు వంటింట్లో, ఒగరు వాకిట్లో ఉండి అరుసుకుంటారు. అది మాట కాదప్పా, గలాటా."

"పొద్దంతా యార్డులో నన్ను పిలిసేటోళ్ళే అందరూ. ఇట్ల రా, ఇది ఎత్తు, అది దించు. నేను సెప్పేది వినేటోళ్ళు ఒగరూ లేరు. ఇంటికి పోతే ఆయమ్మ రాట్నం ఇడిసిపెట్టి నా దిక్కు సూస్తాది. ఈ బూమ్మీద నా మాట వినే మనిషి ఆయమ్మ ఒగతే. పో నాయనా, పోయి నీ పెండ్లాం ఎదురుగా కూసో."

ప్రార్థన సినిమా ఆపింది. ఎస్తేరు చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, వాటిని తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. లేచి, చాపల మధ్య నుంచి దారి చేసుకుంటూ గుమ్మం దగ్గరికి పోయి, మొగుడి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి, దీపం వెలుతురులో తన ముందు కూర్చోబెట్టుకుంది.

"అందరికీ సెప్పినావు. ఇప్పుడు నాకు సెప్పు."

ఇస్సాకు చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. పెదవులు కదిలాయి. గొంతు మాత్రం పైకి రాలేదు. కాసేపు అలాగే చెప్పాడు. బజారి ముందుకు వంగాడు. ఉరుకుందమ్మ మెడ చాచింది. వాళ్ళెవరికీ ఒక్క ముక్క అందలేదు. ఎస్తేరు మొహం మీద మాత్రం ఒక్కొక్క మాటా పడుతూ ఉంది.

మేరి ఉండబట్టలేక కోడలి భుజం తట్టింది. "ఏమన్నాడే?"

ఎస్తేరు అత్త పెదవులు చూసి నవ్వింది. కొంగుతో మొహం తుడుచుకుంది. మొగుడి చెయ్యి వదలకుండానే టీవీ వైపు తిరిగి, "సినిమా పెట్టు ప్రార్థనా," అంది. "ఇంగా శానా ఉండాది."