ఆయిల్ ఇంజన్ స్ప్రింగ్

1986 డిసెంబర్ 11, గురువారం. ఉదయం ఏడున్నర.

చీమకుర్తి క్వారీ గేటు దగ్గర ఆదెయ్య శవం నిలబడే ఉంది.

వెనక రాతి స్తంభం. ముందు కారు బంపర్. రెండింటి మధ్యా ఇరుక్కుని, పడిపోవడానికి కూడా చోటు లేకుండా పోయింది. గేటు గొలుసుకు వేసిన తాళం సగం తెరిచి ఉంది. తాళంచెవి అతని చేతిలోనే ఉంది.

ఒంగోలు రూరల్ ఇన్‌స్పెక్టర్ సంజీవరావు శవాన్ని చూసి టోపీ తీశాడు. ఏమైనా అనిపిస్తుందేమోనని ఒక క్షణం ఆగాడు. ఏమీ అనిపించలేదు. ఆగస్టులో భార్య జయకుమారి పోయినప్పటి నుంచీ అంతే. అన్నం తిన్నా ఒకటే, శవాన్ని చూసినా ఒకటే. టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

కారు 1968 మోడల్ అమెరికన్ బండి. పడవంత పొడుగు. క్లచ్ లేదు, గేర్లు వాటంతటవే పడతాయి. జిల్లాలో ఇలాంటిది ఇంకోటి చూపించమని క్వారీ యజమాని ఆదెయ్య అందరితో పందెం కాసేవాడు. స్టీరింగ్ ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

"మొదట చూసిందెవరు?"

"నేనేనండీ," అన్నాడు వాచ్‌మన్ జక్రయ్య. "ఆరూ పదికి కేక ఇనపడింది. కుళాయి కాడి నుంచి పరిగెత్తుకొచ్చా. నాకన్నా ముందు మాలకొండయ్య గారు బండి కాడ ఉన్నారు. తలుపు తీసి లోపలికి వంగి ఉన్నారు."

మాలకొండయ్య ఆదెయ్యకు బావమరిది. క్వారీలో మందు పెట్టి రాయి పేల్చే పనంతా అతనిదే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"లోపలికి ఎందుకు వంగారు?"

"ఇంజన్ ఆపుదామని సార్."

సంజీవరావు కారు చుట్టూ తిరిగాడు. రాత్రంతా కురిసిన మంచుకు రాతిపొడి తడిసి బండికి అంటుకుంది. వెనక డిక్కీ మీద ఆ పొడిలో రెండు అరచేతుల గుర్తులు, అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. కింద బూటు ముద్రలు లోతుగా దిగాయి.

"ఇవి ఎవరివి?"

మాలకొండయ్య తడుముకోలేదు. "నావే సార్. బండి రాత్రంతా పైన వాలు మీదే ఉంది. పొద్దున సెల్ఫ్ తిరగలేదు. బావ లోపల కూర్చున్నాడు, నేను తోశా. పది గజాలకే స్టార్ట్ అయింది. నేను కంప్రెసర్ వైపు వెళ్ళా. బావ గేటు ముందు బండి ఆపి, గొలుసు తియ్యడానికి దిగాడు. అంతలో కేక."

హెడ్ కానిస్టేబుల్ రంజాన్ రాసుకున్నాడు. అనుమానించడానికి ఏముంది? చలికాలం పొద్దున్నే బండిని తోయని వాడు జిల్లాలో ఎవడు?

గేరు ముల్లు P దగ్గర ఉంది.

"P అంటే?"

"పార్క్ అంటారు సార్," అన్నాడు మాలకొండయ్య. "అందులో పెడితే ఎంత వాలులోనైనా కదలదంట. ఆ గేర్‌బాక్స్ విప్పి బాగు చేసింది ఒంగోలు గౌస్ బాషా. బండి ఇచ్చి తొమ్మిది రోజులు కాలేదు. వాడి పనితనం ఎలా ఏడిసిందో చూడండి."

*

పదకొండు గంటలకు గౌస్ బాషాను అతని షెడ్డులోనే పట్టుకున్నారు. మద్రాసులో ఆరేళ్ళు విదేశీ కార్ల గ్యారేజీలో పనిచేసి వచ్చిన మనిషి. ముగ్గురు మెకానిక్‌లు "ఆ బాక్స్ పీకేసి అంబాసిడర్‌ది పెట్టెయ్యండి" అని చేతులెత్తేస్తే, ఇతను మూడు నెలలు కూర్చుని ఆ బాక్స్‌ని ముక్కముక్కా విప్పి మళ్ళీ కట్టాడు.

అరెస్టు అంటే గౌస్ ఎదురు చెప్పలేదు. ఒక్క మాట అడిగాడు.

"బండిని తాడు కట్టి ఈడుస్తారా సార్? వద్దు. వెనక చక్రాలు పైకెత్తి తీసుకెళ్ళండి. ఇంజన్ తిరగకపోతే లోపల ఆయిల్ తిరగదు. బాక్స్ కాలిపోద్ది."

రంజాన్ నవ్వాడు. "నీ పీకల మీదికి వస్తుంటే బాక్స్ గురించి ఏడుస్తావేందయ్యా?"

సంజీవరావు కారును క్వారీలోనే ఉంచమన్నాడు.

స్టేషన్‌లో గౌస్ రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చున్నాడు. టీ ఇస్తే తీసుకోలేదు.

"పార్క్ ఎలా పనిచేస్తుంది?"

"లోపల పళ్ళ చక్రం ఉంటది సార్. ఒక కొక్కెం దాని పళ్ళలో పడుద్ది. ఆ కొక్కేన్ని ఒక స్ప్రింగ్ నొక్కి పట్టుకుంటది."

"స్ప్రింగ్ మార్చావా?"

గౌస్ చేతుల్ని చంకల్లో ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"ఒరిజినల్ విరిగిపోయింది. ఎక్కడా దొరకలా. పొలాల్లో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్ ఉంటది కదా, దాని వాల్వ్ స్ప్రింగ్ కోసి, సానబట్టి పెట్టా. ఆదెయ్య గారికి చెప్పలేదు." తల వంచుకున్నాడు. "అదే జారి ఉంటది. నేనే చంపా సార్. రాసుకోండి."

సంజీవరావు కలం ఎత్తాడు. రాయలేదు. తప్పు నాదే అని ఇంత తేలిగ్గా చెప్పే మనిషిని చూసి అతనికి ఈర్ష్య పుట్టింది. జయకుమారి ఆ సాయంత్రం ఛాతీలో నొప్పి అంది. తెల్లారాక చూద్దాంలే అన్నాడు తను. తెల్లారేసరికి ఆమె లేదు. అది తప్పని ఎవరూ అనలేదు. ఎవరూ రాసుకోలేదు.

మూడు గంటలకు ఆదెయ్య భార్య వెంకటేశ్వరమ్మ వచ్చింది. నేరుగా లాకప్ ఊచల దగ్గరికి వెళ్ళింది.

"నీ చేతులు పడిపోనూ! ఏం కట్టావురా ఆ బండికి?"

గౌస్ ఆ చేతుల వైపే చూసుకున్నాడు.

సంజీవరావు ఆమెను కూర్చోబెట్టాడు. "అమ్మా, మీ ఆయన నిన్న సాయంత్రం స్టేషన్‌కు ఫోన్ చేశారు. ఈరోజు పదింటికి వస్తానన్నారు. ఎందుకో తెలుసా?"

"అక్టోబర్‌లో రాయి జారి ఇద్దరు కూలీలు పోయారు కదయ్యా. అది రాయి జారి కాదంట. ఆ సంగతి చెప్పేస్తే గానీ నిద్ర పట్టదన్నాడు. ఎవరి తప్పో నాకు చెప్పలా. ఎంత అడిగినా, నీకెందుకులే అన్నాడు."

*

శుక్రవారం పొద్దున ఆరున్నర.

స్టేషన్ ఆవరణలో రోజూ జరిగే తంతే. జీపు సెల్ఫ్ తిరగలేదు. రంజాన్, మరో ఇద్దరు కానిస్టేబుళ్ళు తోస్తున్నారు. డ్రైవర్ క్లచ్ వదిలాడు. జీపు ఒక్క కుదుపు కుదిపి స్టార్ట్ అయింది.

క్లచ్.

సంజీవరావు చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. నిన్న గౌస్ అన్న మాట గుర్తొచ్చింది. ఇంజన్ తిరగకపోతే ఆయిల్ తిరగదు. లాకప్ దగ్గరికి వెళ్ళి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. గౌస్ తలెత్తి నాలుగు ముక్కల్లో జవాబు చెప్పాడు.

"నాలుగింటికి క్వారీకి అందర్నీ పిలిపించు," అన్నాడు సంజీవరావు రంజాన్‌తో. "ఇతన్నీ తీసుకురా."

*

సాయంత్రం నాలుగు. కారు వాలు మీద ఉంది. జక్రయ్య, మాలకొండయ్య, వెంకటేశ్వరమ్మ, ఎనిమిది మంది కూలీలు చుట్టూ నిలబడ్డారు. గౌస్ స్టీరింగ్ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"మొదటి సంగతి," అన్నాడు సంజీవరావు. "P లో పెట్టు. హ్యాండ్ బ్రేక్ వద్దు. మీరంతా తోయండి."

గౌస్ కళ్ళు మూసుకున్నాడు. ఎనిమిది మందీ ఊపు తీసుకుని తోశారు. కారు వేలెడు ముందుకు ఊగి, టక్కుమని ఆగిపోయింది. ఇంకోసారి తోశారు. కదల్లేదు.

"ఇంకా గట్టిగా తొయ్యండయ్యా!" వెంకటేశ్వరమ్మ అరిచింది. కొంగు దోపుకుని, తనూ వచ్చి చేతులు ఆనించింది. కాళ్ళు రాతిపొడిలో జారుతున్నా తోసింది. బండి అంగుళం కదల్లేదు.

"పార్క్ జారలేదు," అన్నాడు సంజీవరావు. "ఇక రెండో సంగతి. గౌస్, సెల్ఫ్ వైరు తీశావా?"

"తీశా సార్."

"మాలకొండయ్య గారూ, నిన్న పొద్దున తోసినట్టే తోయండి. పది గజాల్లో స్టార్ట్ అవ్వాలి."

మాలకొండయ్య మీసం దువ్వుకుని వచ్చాడు. గౌస్ తాళంచెవి తిప్పి, ముల్లును బండి ముందుకు నడిచే D లోకి జరిపాడు. కారు దొర్లింది. పది గజాలు. ఇరవై గజాలు. ఇంజన్ నుంచి చిన్న దగ్గు కూడా రాలేదు. గౌస్ బ్రేక్ వేశాడు. కూలీలు బండిని మళ్ళీ పైకి నెట్టారు. మళ్ళీ తోశాడు. మూడోసారి కూడా తోశాడు. చొక్కా తడిసిపోయింది.

"ఇక ఎన్నిసార్లు తోసినా అంతే," అన్నాడు సంజీవరావు. "గౌస్, నువ్వే చెప్పు."

"మామూలు బండిలో చక్రం తిరిగితే ఇంజన్ తిరుగుద్ది. దీంట్లో రెండింటి మధ్యా ఉండేది ఆయిల్. ఆ ఆయిల్ని నెట్టే పంపు ఇంజన్‌తోనే తిరుగుద్ది. ఇంజన్ ఆగి ఉంటే పంపు లేదు, పంపు లేకపోతే పట్టు లేదు. కొన్ని పాత మోడళ్ళకి వెనక ఇంకో పంపు ఉండేది. దీనికి లేదు. ఈ బండి తోస్తే స్టార్ట్ కాదు సార్."

అంతా మాలకొండయ్య వైపు తిరిగారు.

"నీకు లారీలు తెలుసు," అన్నాడు సంజీవరావు. గొంతులో కోపం లేదు, గెలిచిన సంతోషమూ లేదు. "ఈ బండి స్టీరింగ్ మీ బావ నీకెప్పుడూ ఇవ్వలేదు. వెనక నీ చేతి గుర్తులు పడ్డాయి. వాటికి మేమంతా నమ్మే కారణం చెప్పావు. మేం రోజూ తోస్తాం కాబట్టి నమ్మాం. నిన్న ఇంజన్ అసలు స్టార్టే కాలేదు. ఆదెయ్య ముందుగా నడిచి వెళ్ళి గొలుసు తాళం తీస్తున్నాడు. నువ్వు ముల్లు న్యూట్రల్‌లోకి జరిపి, చప్పుడు లేకుండా తోశావు. తర్వాత లోపలికి వంగింది ఇంజన్ ఆపడానికి కాదు, ముల్లును P లో పెట్టడానికి. నేరం ఒక స్ప్రింగ్ మీద పడుతుందని."

మాలకొండయ్య బండి మీద నుంచి చేతులు తీసేశాడు.

"అక్టోబర్‌లో విజిల్ కొట్టించకుండా మందు పేల్చా," అన్నాడు. "ఆ ఇద్దరూ అక్కడున్నారని చూసుకోలా. చెప్పొద్దు బావా అని కాళ్ళు పట్టుకున్నా. ఇన్లా."

వెంకటేశ్వరమ్మ తమ్ముణ్ణి చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. మెల్లగా కారు దగ్గరికి నడిచి, స్టీరింగ్ మీదున్న గౌస్ చేతుల్ని పట్టుకుంది.

"నిన్న నేనన్న మాట నీకు తగలకూడదు నాయనా. ఈ చేతులు చల్లగా ఉండాలి."

గౌస్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "పట్టుకుందమ్మా," అన్నాడు. "ఆయిల్ ఇంజన్ స్ప్రింగే. పట్టుకుంది."

వెళ్ళేటప్పుడు జీపు సెల్ఫ్ తిరగలేదు. బేడీలతో మాలకొండయ్య వెనక కూర్చున్నాడు. రంజాన్, కానిస్టేబుళ్ళు తోయడం మొదలుపెట్టారు. గౌస్ కూడా కళ్ళు తుడుచుకుని వచ్చి చెయ్యేశాడు.

సంజీవరావు ముందు సీట్లో కూర్చుని వాలు వైపు చూశాడు. గౌస్ చేసిన పని తప్పో ఒప్పో తేల్చడానికి ఎనిమిది మంది కూలీలూ ఈ వాలూ సరిపోయాయి. తెల్లారాక చూద్దాంలే అన్న మాటను ఎక్కడ పెట్టి, ఎవరితో తోయించి చూడాలో అతనికి తెలియలేదు.

డ్రైవర్ క్లచ్ వదిలాడు. జీపు స్టార్ట్ అయింది.