పాతర బయలు

మట్మారి ఊరి దిక్కు పాతర బయలంటే, పొద్దుగూకినంక మేకల కాపరి కూడా సుట్టు తిరిగి పోతడు. ఎనకట ఊరోళ్లు జొన్నలు దాసుకునే పాతరలు అక్కడ — భూమిల లోతుగ తవ్వి, మూతి మీద బండ ఏసి, మట్టి కప్పేటోళ్లు. ఇప్పుడు జొన్నలు లేవు, పాతరలు పూడిపోయినయ్. కానీ రాత్రయితే బండ కింది నుంచి ఎవరో కొడ్తరంట...

టక్. టక్. టక్.

ఇది పరశురామ్ నాకు చెప్పిన మాట. రాయచూరు రైస్‌మిల్లుల హమాలీ ఆయన. పన్నెండేండ్ల కింద ఒకనాడు ఆఖరు బస్సు దిగిండు. వాన మొదలయిందని అడ్డదారి పట్టిండు.

బయలు నడుమకొచ్చినంక ఇనిపించింది. టక్... టక్...

సెల్లు లైటు ఏసిండు — ఏం లేదు, తుమ్మపొదలు తప్ప. మళ్లా కొట్టిండ్రు. ఈసారి దగ్గర్నే. లైటు తిప్పితే... బండ మీద ఒక మనిషి బోర్ల పడి ఉన్నడు, చెవి రాయికి ఆనించి.

ఆ మనిషి తల ఎత్తిండు.

"లైటు బందు చెయ్‌రా... వాళ్లకు కనవడ్తది."

సొంత తాత. బసవయ్య. ఎనభై అయిదేండ్లోడు. చేతిల గుండ్రాయి.

"తాతా! నువ్వా కొట్టేది? ఊరంతా దెయ్యమంటుంటే!"

భయం దిగి పరశురామ్‌కు నవ్వొచ్చిందంట. ఇంటికి నడువ్ అని రెక్క పట్టిండు. ముసలాయన కదల్లే. వానల తడుసుకుంటనే, గుసగుసగ చెప్పిండు —

నిజాం రాజ్యం కూలే ఏడు. రెండు దిక్కుల తుపాకులోళ్లు ఊర్ల మీద పడ్తున్నరు. ఆడోళ్లు దొరికితే ఇడిచేది లేదు. ఊరు అప్పటికే ఖాళీ. తుపాకుల సప్పుడు పొలిమేర దాంక వస్తే, బసవయ్య తన తల్లిని, ఇద్దరు చెల్లెండ్లను ఒక ఖాళీ పాతరల దించి, బండ మూసి, మట్టి కప్పిండు. "వాళ్లు పోయినంక మూడుసార్లు కొడ్త. అప్పటిదాంక మాట్లాడొద్దు" అన్నడు.

వాళ్లు పోలేదు. గా బయలు మీదనే డేరాలు ఏసిండ్రు. బసవయ్యను పట్టి నీళ్లు మోయించిండ్రు, కట్టెలు కొట్టించిండ్రు.

"మొదటి రాత్రే కింది నుంచి కొట్టిండ్రు రా... గాలి ఆడలేదేమో. చిన్నది 'అన్నా, అన్నా' అంటుంటే నాకు ఇనిపించింది."

"మరి నువ్వు?"

"తుపాకులోళ్లు ఇంటరని గొడ్డలి అందుకున్న. కట్టెలు కొట్టిన. కిందోళ్లు ఎంత కొడితే నేను అంత గట్టిగ... తెల్లారేదాంక. ఒకడు మెచ్చుకొని రొట్టె ఇచ్చిండు. తిన్న." ముసలాయన ఊపిరి తీసుకున్నడు. "తెల్లారినంక కింద సప్పుడు లేదు. బుద్ధిగ ఊకున్నరు అనుకున్న రా..."

నాలుగో దినం వాళ్లు డేరాలు ఎత్తిండ్రు. బసవయ్య మూడుసార్లు కొట్టిండు. జవాబు రాలే. బండ తియ్యనీకి చేతులు రాలే. తల్లి, చెల్లెండ్లు నది దాటి ఆదోని దిక్కు పోయిండ్రని, అక్కడ కలరా కొట్టిందని తిరిగొచ్చిన ఊరోళ్లకు చెప్పిండు. అప్పటి సంది రాత్రయితే వచ్చి కొడ్తనే ఉన్నడు.

పరశురామ్ మళ్ల నవ్వలే.

తెల్లారి నలుగురిని పిలిచి, గడ్డపారలతో బండ లేపిండు. తాత వద్దన్లే.

ఎముకలు అడుగున పరుచుకొని లేవు. ఒక్క మూలకే, కుప్పగ ఉన్నయ్. అడుగున పెద్దమనిషివి. పైన చిన్న చిన్నవి. బండ అందాలని తల్లి పిల్లలను భుజాల మీదికి ఎక్కించుకున్నట్టుంది... ఒకరి మీద ఒకరు.

బసవయ్య పాకుకుంట వచ్చి లోపలికి తొంగి చూసిండు. ముఖం ఇప్పారింది.

"వాళ్లు పోయిండ్రే అమ్మా... ఇగ రా."

అంతల మనవని దిక్కు తిరిగి కసిరిండు —

"నిలబడి ఏం సూస్తవ్ రా? నిచ్చెన తే! అమ్మకు మోకాళ్ల నొప్పులు."