అతిథికి తిరిగిచ్చిన తుపాకీ

"ఒకళ్లనొకళ్లు గౌరవించుకుంటే యుద్ధాలు ఆగిపోతాయట, నష్వాన్. నవ్వకు."

"నవ్వట్లేదు సార్. ఆవలింతొచ్చింది."

సనా నగరంలో ఆ ఆఫీసుకి బోర్డు లేదు. బ్రిగేడియర్ అక్లాన్ ఒక ఫొటోని బల్ల మీదికి విసిరాడు. వెండి జుట్టు, తెల్ల సూటు, పీఠాధిపతి చిరునవ్వు.

"డాక్టర్ హోల్ట్. ఏదో పరస్పర గౌరవ పీఠానికి అధ్యక్షుడు. రేపు షేక్ ముక్బిల్ కోటలో అతని బనీ షిహ్వాన్ తెగకీ, షేక్ హిజామ్ తెగ ఆల్ హమీమ్‌కీ సంధి చేయిస్తాడు. ఆ పీఠం వెనక ఉన్నది ఆయుధాల ముఠా. ఇన్నేళ్లూ రెండు తెగలకీ తూటాలు అమ్మింది వాళ్లే."

"మరి సంధి దేనికి సార్?"

"తెగలు అలిసిపోయాయి. కొనేవాళ్లు తగ్గారు. షేకులిద్దరూ ఒకే గదిలో చచ్చారనుకో, తప్పు అవతలివాళ్లదని ఇద్దరి కొడుకులూ కొట్టుకుంటారు. ముఠాకి ఇంకో ఇరవై ఏళ్లు ఢోకా ఉండదు."

"అయితే వాణ్ణి అరెస్ట్ చెయ్యండి."

"ముక్బిల్ అతిథినా? రుజువు లేకుండానా? అప్పుడు ముక్బిల్ మన మీదికే వస్తాడు." అక్లాన్ సిగరెట్ నలిపేశాడు. "లోపల లమియా ఉంటుంది. హోల్ట్ దుబాసీ. గదిలో బాంబు ఉంటే 'ఏలకులు ఎక్కువయ్యాయి' అంటుంది."

"ఆవిడ వాళ్ల మనిషి కదా!"

"వాళ్ల మనిషి కూడా." అక్లాన్ గొంతు తగ్గించాడు. "నీ తమ్ముడు ఆ కోటలోనే ఖైదీ, హమీమ్ మనిషని పట్టుకున్నారు. సంధి కుదిరితే బయటికొస్తాడు. గది పేలితే ముందు తెగేది వాడి తలే."

నష్వాన్ ఫొటో తీసి జేబులో పెట్టుకున్నాడు. తమ్ముడు అమీన్‌ని చూసి ఏడాది దాటింది.

మరునాడు నష్వాన్ గడ్డానికి గోరింట రంగేసుకుని, విందుల్లో వడ్డించే మంగలి వేషంలో కోటలోకి నడిచాడు. డిపార్ట్‌మెంట్ వాళ్లు సాంబ్రాణి ధూపదానిలో ఒక యంత్రం అమర్చి ఇచ్చారు. మందుగుండు దగ్గరికి రాగానే అది వణుకుతుందన్నారు. నడుముకి తూటాల పట్టీ లేని మగాడు లేని గదిలో ఆ యంత్రం చలిజ్వరం వచ్చినట్టు ఆగకుండా వణికింది. కుర్చీల్లో కూర్చుని యంత్రాలు తయారుచేసే మేధావులకి ఓ దండం పెట్టుకుని నష్వాన్ కాఫీ కూజా అందుకున్నాడు.

గౌరవం గురించి మాట్లాడుకోవడానికి వచ్చిన అంతమందిలో ఒక్కడైనా కాఫీ పోసేవాడి మొహం చూడలేదు. గూఢచారికి అంతకన్నా మంచి వేషం ఇంకేముంటుంది!

లోయ వైపు కిటికీ కింద ఇద్దరు షేకులూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"మీ నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంది, హిజామ్?" అన్నాడు ముక్బిల్.

"పోయిన ఏడే పోయారు. మీవాళ్ల తూటాకే."

"అయ్యో! అంతటి మగాడు మళ్లీ పుడతాడా? మా ఇంట్లో మూడ్రోజులు పొయ్యి వెలిగించలేదయ్యా."

"తెలుసు. మా అమ్మ చెప్పుకుని ఏడ్చింది."

నష్వాన్‌కి ఒళ్లు మండింది. వీళ్లకి గౌరవం నేర్పడానికి సముద్రాలు దాటి ఒకడు రావాలా? ఇరవై ఏళ్లుగా వీళ్లు ఒకళ్లనొకళ్లు నెత్తిన పెట్టుకుంటూనే ఉన్నారు, కాల్చుకుంటూనే ఉన్నారు. గౌరవం లేనివాడితో ఇన్నేళ్లు ఎవడు యుద్ధం చేస్తాడు?

హోల్ట్ లేచి, గుండె మీద చెయ్యి వేసుకుని ఉపన్యాసం మొదలెట్టాడు. ఎంతకీ ఆపడు. అతను ఊపిరి తీసుకున్నప్పుడు పచ్చ పట్టు గౌను సర్దుకుంటూ లమియా అనువదించింది.

"మీరంతా మంచివాళ్లంటున్నాడు."

"అంతేనా అమ్మా?" అన్నాడు హిజామ్.

"అంతే. ఇంకోటి కూడా అన్నాడు. కాఫీలో ఏలకులు ఎక్కువయ్యాయట."

నష్వాన్ కాఫీ పోస్తూనే గది మూలమూలా కళ్లతో వెతికాడు.

చివరి హత్య చేసింది హమీమ్ వాళ్లు. అందుకని ఆనవాయితీ ప్రకారం హిజామ్ మనుషులు ఒక్కొక్కరే లేచి తమ తుపాకుల్ని ముక్బిల్ ముందు తాకట్టుగా పెట్టారు. మీ తీర్పుకి తల వంచుతామని అర్థం. ఆఖర్న హోల్ట్ కూడా ఒక కొత్త తుపాకీ తెచ్చి కుప్ప మీద పెట్టాడు. భుజానికి ఆన్చే దాని కొయ్య మడమ ఉండాల్సిన దానికన్నా లావుగా ఉంది.

"నేనూ మీలో ఒకణ్ణే అంటున్నాడు" అంది లమియా, గోళ్లు చూసుకుంటూ.

బాంబు ఎక్కడుందో నష్వాన్‌కి తెలిసిపోయింది. తెలిసి లాభమేముంది? తాకట్టు తుపాకీని మంగలి ముట్టుకుంటే చెయ్యి నరుకుతారు. బాంబని అరిస్తే, అది ఎవరిదో తేలేలోగా బాకులన్నీ ఒరలు దాటతాయి. పక్క గదిలో సంకెళ్ల చప్పుడు వినిపిస్తోంది.

హోల్ట్ గడియారం చూసుకుని, ఫోన్ మాట్లాడి వస్తానన్నట్టు సైగ చేసి గుమ్మం వైపు కదిలాడు. సరిగ్గా అప్పుడే ముక్బిల్ చెయ్యెత్తాడు.

"హిజామ్! నీ మాట చాలు నాకు. తుపాకులు దేనికి? తీసుకోండి, ఎవరివి వాళ్లు!"

గదంతా హోరెత్తింది. హిజామ్ కళ్లు తుడుచుకున్నాడు.

"అతిథిది ముందు!" అంటూ ముక్బిల్ స్వయంగా లేచి, హోల్ట్‌ని భుజం పట్టి కూర్చోబెట్టి, కొత్త తుపాకీని రెండు చేతులతో అతని ఒడిలో పెట్టాడు. "భోజనం చెయ్యకుండా వెళ్తే నన్ను అవమానించినట్టే."

హోల్ట్ తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. వద్దని తల ఊపాడు. మొహమాటమనుకుని ముక్బిల్ అతని భుజం మీద చెయ్యి ఇంకా గట్టిగా వేశాడు. హోల్ట్ నుదుటి చెమట తుపాకీ మీద పడింది. అతని కళ్లు గడియారం వదలడం లేదు.

విందులో తుపాకీ పేల్చమని అడిగే హక్కు వడ్డించేవాడికి ఉంటుంది. నష్వాన్ గొంతు చించుకున్నాడు.

"అయ్యలారా! డాక్టర్ గారి చేత్తో, సంధి పేరున ఒక్క తూటా!"

"ఒక్క తూటా!" అని గదంతా అందుకుంది.

లమియా అనువదించింది. ఈసారి ఒక్క మాట కూడా తగ్గించలేదు.

హోల్ట్ కేక పెట్టి తుపాకీని హిజామ్ ఒళ్లోకి విసిరి, కాఫీ కూజాని తన్నుకుంటూ గుమ్మం వైపు పరుగెత్తాడు. నష్వాన్ ఒక్క దూకులో తుపాకీ లాక్కున్నాడు. అప్పటికే ఒక బాకు అతని మెడ మీదికొచ్చింది. తుపాకీ కిటికీలోంచి లోయలోకి ఎగిరింది.

గోడలు అదిరాయి. రంగు అద్దాలు పొడిపొడిగా రాలాయి. మెడ మీది బాకు మెల్లగా వెనక్కి జరిగింది.

మొదట మాట్లాడింది ముక్బిల్. "నా ఉప్పు తిని, నా ఇంట్లో..."

"నా ఒళ్లోకి విసిరాడు!" అన్నాడు హిజామ్. "వీడిదీ ఒక మగ పుటకేనా?"

గుమ్మం దగ్గర లమియా చాచిన కాలికి తట్టుకుని హోల్ట్ బోర్లా పడ్డాడు. రెండు తెగలవాళ్లూ భుజం భుజం రాసుకుంటూ అతని చుట్టూ నిలబడి ఉమ్మేశారు. ఇరవై ఏళ్లలో వాళ్లు కలిసి చేసిన మొదటి పని అదే.

"నా రెండు ఉద్యోగాలూ పోయాయి" అంది లమియా, చెప్పు సరిచేసుకుంటూ.

సాయంత్రానికి అమీన్ సంకెళ్లు ఊడాయి. ఏడాదిలో వాడు కాస్త ఒళ్లు చేశాడు.

"బాగా చూసుకున్నార్రా?"

"అబ్బో, ఏం గౌరవం అన్నయ్యా! మాంసం ముందు నాకే పెట్టేవాళ్లు. రోజూ పొద్దున్నే 'ఏమనుకోకండి' అని సంకెళ్లేసేవాళ్లు. నిన్న కత్తి నూరుతూ కూడా నా కుశలం అడిగారు." అన్నని ఎగాదిగా చూశాడు. "ఆ గడ్డమేంటి? నీకు అదే బాగుంది. ఉంచెయ్."

నష్వాన్ తమ్ముణ్ణి తిట్టబోయి, కావలించుకున్నాడు. తర్వాత వైర్‌లెస్ అందుకున్నాడు.

"యుద్ధం ఆగిందా?" అక్లాన్ అడిగాడు.

"ఆగింది సార్."

"అయితే గౌరవమే గెలిచిందంటావా?"

"గౌరవంతో ఇరవై ఏళ్లు కొట్టుకున్నారు సార్. ఇవాళ ఇద్దరూ కలిసి ఒకణ్ణి ఛీ కొట్టారు, సంధైపోయింది."

"మరి వెనకాల ఆ అరుపులేంటి?"

నష్వాన్ తొంగి చూశాడు. షేకులిద్దరూ లేచి నిలబడి, చేతులు ఊపుకుంటూ రంకెలేస్తున్నారు.

"కొత్త తగాదా సార్. వాడి మీద ముందు ఉమ్మిన ఘనత ఎవరిదని."

అక్లాన్ నిట్టూర్చాడు. "తుపాకులు ఎక్కడున్నాయి?"

"ఎవరివి వాళ్లకి తిరిగిచ్చేశారు సార్. గౌరవంగా."