నలభై ఏడో నంబరు బట్టలు

బీరువా అడుగు అర తెరిచి మంజులమ్మ అట్లాగే చతికిలబడిపోయింది. మనవడు రక్షిత్ చంటిబిడ్డగా ఉన్నప్పటి జుబ్బాలు, ఊలు టోపీలు, పొత్తిగుడ్డలు... తనే ఉతికి, మడిచి, మధ్యలో వేపాకు వేసి నాలుగేళ్ళుగా దాచినవి. ఒక్కటీ లేదు.

"కావ్యా, ఈడుండే బిడ్డ బట్టలు యాడికి పోయినాయి?"

వంటింట్లో దోసె తిరగేస్తున్న కోడలు కావ్యశ్రీ వెనక్కి చూడకుండానే జవాబిచ్చింది. "కమ్యూనిటీ హాల్లో పిల్లోళ్ళ సామాన్ల సేల్ పెట్టినారు కదత్తా. నిన్ననే ఇచ్చొచ్చినాను."

"అమ్మేదానికి ఇచ్చినావా?"

"మూలన పడుండేదానికంటే ఎవురికైనా పనికొస్తాయి. సామాన్లు ఇచ్చినోళ్ళని ఒకరోజు ముందే లోపలికి ఇడుస్తారు. మనోడికి చిన్న సైకిలు చూసి పెట్టినాను."

"బిడ్డ బట్టలు ఇయ్యచ్చు గానీ అమ్మకూడదు. మీ అమ్మ నీకు ఈ మాత్రం చెప్పలేదా?"

అంతే. ఏ కోడలైనా ఎన్ని మాటలైనా పడుతుంది గానీ, పుట్టింటి మీద ఈగ వాలనిస్తుందా! కావ్యశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా అమ్మని ఎందుకు తెస్తారు అత్తా మధ్యలో..." అంటూ పొయ్యి ఆపి, కొంగుతో ముఖం తుడుచుకుని, హాలుకి వెళ్ళిపోయింది. సేల్ రెండు రోజులూ కౌంటర్ దగ్గర కూర్చునే పని ఆమెదే.

మత్తిగిరిలో వాళ్ళ లేఅవుటు ఆడవాళ్ళు ఏడాదికి రెండుసార్లు ఈ సేల్ పెడతారు. బడులు తెరిచే ముందు ఒకటి, చలి మొదలయ్యే ముందు ఒకటి. ఇంటికో నంబరు. ఆ నంబరు, ధర రాసిన చీటీని ప్రతి వస్తువుకీ పిన్నుతో గుచ్చి ఇచ్చేస్తే చాలు, అమ్మిపెట్టే పని వాళ్ళది. కావ్యశ్రీ నంబరు నలభై ఏడు.

మంజులమ్మకు అన్నం సయించలేదు. ఆమె చాదస్తమని కోడలు అనుకుంటే అనుకోవచ్చు. కానీ ఆ గుండెలో ఏముందో ఎవరికి తెలుసు? ముప్పై నాలుగేళ్ళ కిందట, కొడుకు తిలక్ ఇంకా పుట్టకముందు, ఆమెకొక ఆడబిడ్డ. పేరు రేణు. పాత బట్టలకు సామాన్లు ఇచ్చే మనిషి వీధిలోకి వస్తే, బిడ్డకు బిగుతైన బట్టలన్నీ వేసి బేరమాడి మరీ ఒక గిన్నె తీసుకుంది. తొమ్మిది రోజులు తిరక్కుండానే బిడ్డకు జ్వరం వచ్చింది. రెండో రోజుకే పోయింది. మెదడువాపు అన్నాడు డాక్టరు. తల్లి మనసు మాత్రం, నేను బిడ్డ బట్టలు కాదు, బిడ్డ ఆయుష్షే అమ్మేశానని ఏడ్చింది... ఆ మాట ఇంతవరకు కట్టుకున్నవాడికి కూడా చెప్పుకోలేదు. ఇంట్లో ఆ బిడ్డ పేరెత్తేవారే లేరు. కొడుక్కి కూడా తెలియదు. ఇప్పుడు రక్షిత్ బట్టలు! వాడికేమైనా అయితే?

రోజాపూలు అమ్మిన డబ్బులు చిక్కం సంచిలో వేసుకుని ఆమె బయలుదేరింది. తోటకు పోబోతున్న భర్త ఆంజినప్ప సంగతి విని నవ్వాడు.

"మన బట్టలు మనమే కొనుక్కుంటే దాన్ని యాపారం అనరు మంజులా, పైత్యం అంటారు."

"అననీ," అని ఆమె చెప్పులేసుకుంది.

హాలు నిండా ఉయ్యాలలు, తోపుడు బండ్లు, స్వెట్టర్లు, బొమ్మలు. మంజులమ్మ ఎవరివైపూ చూడలేదు. చీటీలు తిప్పుతూ నలభై ఏడు కనబడితే చాలు, సంచిలో వేసుకుంది. కౌంటర్లో కావ్యశ్రీ పక్కన కూర్చున్న నేత్ర అటు చూసి, "కావ్యా, నీ బట్టలకి భలే గిరాకీ. మీ అత్తే అంతా ఎత్తుకుంటా ఉండాది," అంది. కావ్యశ్రీకి తల కొట్టేసినట్టయింది. పదిమందిలో ఇంత పంతమా అనుకుంటూ లేచి వచ్చింది.

అప్పటికి ఒక్క పసుపు జుబ్బా మిగిలింది. అది నిండు చూలాలైన ఒక అమ్మాయి చేతిలో ఉంది.

"అది మా బిడ్డదమ్మా. ఇచ్చేయమ్మా," అంది మంజులమ్మ.

ఆ అమ్మాయి జుబ్బాను గుండెకు హత్తుకుంది. "మీదేనా అండీ? నా పేరు తనూజ. మాది పాలకొల్లు దగ్గర. మా ఆయన ఇక్కడ ఫ్యాక్టరీలో చేస్తారు. పుట్టగానే బిడ్డకి పాత బట్టే వెయ్యాలంటారు కదండీ, చల్లగా పెరిగిన బిడ్డది. ఊళ్ళో అయితే ఏ అక్కో ఇచ్చేది. ఇక్కడ ఎవరినని అడగను? అందుకే వచ్చాను." కాస్త ఆగి, సిగ్గుపడుతూ అడిగింది. "మీకు ఎంతమంది పిల్లలండీ?"

ఈ ప్రశ్నకు మంజులమ్మ ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటే. ఒక్కడే కొడుకు. ఈరోజు ఆ మాట నోట రాలేదు. తొలిచూలు బిడ్డకు వేయబోయే బట్ట అది. దాని ముందు అబద్ధమాడడానికి ఆమెకు మనసొప్పలేదు.

"ఇద్దరు. నా కొడుకు కంటే ముందు ఒక ఆడబిడ్డ. రేణు. తొమ్మిది నెలల బిడ్డగా ఉన్నప్పుడే పోయింది. దాని బట్టలు నేనే సామాన్లకి ఏసినాను. దాని ఉసురు నేనే తీసినాను..." జుబ్బా వైపు చెయ్యి చూపించింది. "ఇది నా మనవడిది. వాడు బాగుండాడు. అయినా నా చెయ్యి మంచిది కాదు తల్లీ. వేరే ఎవురిదన్నా తీసుకో."

వెనకే నిలబడిన కావ్యశ్రీ కొయ్యబారిపోయింది. ఈ ఇంటికి కోడలై ఆరేళ్ళు. ఆరేళ్ళలో ఈ మాట వినలేదు! పొద్దున తాను దోసె పెనం మీద వదిలేసి వచ్చిన పౌరుషమంతా కరిగిపోయింది. గబగబా ముందుకొచ్చి అత్త రెండు చేతులూ పట్టుకుంది. "జ్వరమొచ్చి పోయిందత్తా. మీరు అమ్మినందుకు పోలేదు. ఇన్నేండ్లు ఇదంతా ఒక్కరే ఎట్ల మోసినారు..."

తనూజ జుబ్బా కింద పెట్టలేదు. "మా అమ్మకీ నాకు ముందు ఒక బాబు పోయాడండి. అయినా నన్ను కని పెంచింది. ఆవిడ చెయ్యి చెడ్డదని నేనెలా అనుకుంటాను? బిడ్డ విలువ తెలిసిన చెయ్యండీ మీది. మీరే ఇవ్వండమ్మా," అంటూ కొంగు పట్టింది.

మంజులమ్మ కోడలి వంక చూసింది. కావ్యశ్రీ ఒక్కొక్క బట్టకీ ఉన్న చీటీ పిన్ను తీసి, చీటీలన్నీ తీసుకెళ్ళి నేత్ర ముందు పెట్టింది. "నలభై ఏడు అమ్మేది కాదక్కా. మా అత్త ఇస్తా ఉండాది." మంజులమ్మ సంచిలోవన్నీ ఆ అమ్మాయి కొంగులో పోసి, నెత్తి మీద చెయ్యి పెట్టింది. "నీ కడుపు చల్లగుండాల."

సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి బయలుదేరారు. చిన్న సైకిలును చెరో పక్కా పట్టుకుని నడిపించుకుంటూ పశువుల ఫారం గోడ వెంబడి వస్తున్నారు. "పొద్దున మీ అమ్మని అన్నాను. మనసులో పెట్టుకోవద్దమ్మా," అంది మంజులమ్మ. కావ్యశ్రీ తల అడ్డంగా ఊపింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అత్తా, మా వదిన ఎవురి మాదిరి ఉండేది?"

వదిన! తొమ్మిది నెలలకే పోయిన బిడ్డకు ఇన్నాళ్ళకు ఇంట్లో ఒక వరస దొరికింది. మంజులమ్మ కళ్ళు తుడుచుకుంది. నవ్వింది కూడా.

"మీ మామ మాదిరే. ముక్కు మాత్రం నాది," అని చెప్పడం మొదలుపెట్టింది.