తీరిన బాకీ, తీరని డిక్రీ

గురువారం పొద్దున్న ఆ మొగుడూ పెళ్ళాలు మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడకి ఊపిరి అందడం లేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా ఇంట్లోకి ఎవరో వస్తున్నారండీ," అంది తలుపు వైపు చూస్తూ. వెనకాల నిలబడ్డ భర్త నుదురు తుడుచుకున్నాడు.

ఆ గది నకళ్ళ మేడమ్‌ది. కోర్టులో ఇరవై రెండేళ్ళు కాయితాలకి నకళ్ళు రాసి, వాటిలో అబద్ధం ఏ మూల నక్కి ఉంటుందో కంఠతా పట్టి, ఆ ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకుందావిడ. అసిస్టెంటు రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. మేడమ్ తుమ్మినా అందులో ఏదో కిటుకు ఉందని నమ్మే పెద్దమనిషి.

వచ్చినావిడ టైలరు. భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. తొమ్మిదేళ్ళ కిందట వాయిదాల మీద కొన్న కుట్టుమిషన్లకి డబ్బు కట్టలేకపోతే, మిషన్ల షాపాయన కోర్టుకెళ్ళి డిక్రీ తెచ్చుకున్నాడు. ఆవిడ రెక్కలు ముక్కలు చేసుకుని పైసాతో సహా తీర్చేసింది. అక్కడితో పీడా వదిలిందనుకుంది. అందరూ అలాగే అనుకుంటారు, చిక్కంతా అక్కడే. డబ్బు ముట్టిందని షాపాయన సంతకం చేసిన కాయితం కోర్టుకి చేరి, దాని మీద ముద్ర పడేదాకా డిక్రీ బతికే ఉంటుంది. ఇప్పుడు రెండు గదుల ఇల్లు కొనబోతుంటే బ్యాంకువాళ్ళు అది పట్టుకున్నారు. శుక్రవారం సాయంత్రంలోగా కొట్టేయించకపోతే లోను లేదన్నారు. లోను రాకపోతే ఇంటికిచ్చిన అడ్వాన్సు, అంటే వాళ్ళ ఇన్నేళ్ళ కష్టం, నీళ్ళపాలే.

షాపాయన మంచివాడు. సోమవారం అడగ్గానే సంతకం చేసిచ్చాడు. ఆవిడ ఆ కాయితాన్ని కవర్లో పెట్టి బీరువాలో దాచి, వస్తూ పోతూ కవరు తడిమి చూసుకుంది. బుధవారం మధ్యాహ్నం తీసి చూస్తే కవర్లో ఉన్నది ఉత్త తెల్ల కాయితం. పక్కనున్న గొలుసు మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. మళ్ళీ సంతకం పెట్టించుకుందామంటే, మంగళవారమే షాపాయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇంకోసారి డబ్బు గుంజడానికి ఆయన కొడుకే కాయితం కొట్టేయించాడని, ఆవిడ ఆస్పత్రికెళ్ళి అతన్ని నానా మాటలూ అంది. అతను మొహం మీదే తలుపేశాడు.

"నిన్ననే తాళం మార్పించానండీ. పాపని మా అక్క దగ్గర దిగబెట్టాను. కత్తెర పక్కన పెట్టుకుని కూర్చుంటున్నాను. చిన్న చప్పుడైతే చాలు, కాళ్ళూ చేతులూ చల్లబడిపోతున్నాయి," అంది.

మేడమ్ భర్త వైపు తిరిగింది. "మీరేమంటారు బాబూ?"

"ఎవరో వచ్చే ఉంటారండీ," అన్నాడతను నేల చూపులు చూస్తూ.

పది గంటలకల్లా అందరూ టైలరు ఇంట్లో ఉన్నారు. ముందుగదిలో రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, దారాల డబ్బాలు. కిటికీ ఊచలు గట్టిగానే ఉన్నాయి. బీరువా తాళానికి గీత కూడా పడలేదు. మేడమ్ కళ్ళు మాత్రం గోడ మీద ఆగాయి. పాప మార్కుల పట్టీలు, టీకాల కార్డు, చివరికి నీళ్ళొచ్చే వేళలు రాసిన చీటీ కూడా ప్లాస్టిక్ తొడుక్కుని మెరుస్తున్నాయి. అదంతా తన భర్త చాదస్తమని, నాలుగు అక్షరాలున్న కాయితం కంటపడితే లామినేషన్ చేయించందే ఆయనకి నిద్ర పట్టదని, అంత భయంలోనూ ఆవిడ కాస్త మురిపెంగానే చెప్పింది.

ఇస్త్రీ బల్ల మీద మాడిన మరక పడ్డ జాకెట్టు ఉంది. పెట్టె అడుగున ఏదో జిగురు పట్టిందని, ఎంత గీకినా పోవట్లేదని, బుధవారం పొద్దున్న కస్టమరు జాకెట్టు పాడైందని టైలరు వాపోయింది. మేడమ్ పెట్టె తిరగేసి వాసన చూసింది. తర్వాత మాస్టారి చెవిలో ఏదో చెబితే ఆయన గొడుగు తీసుకుని వెళ్ళారు.

మధ్యాహ్నం రెండింటికి ఆ ముందుగదిలోనే మేడమ్ అందర్నీ కూర్చోబెట్టింది. కొనబోయే ఇల్లు కుదిర్చిన బ్రోకరు, షాపాయన కొడుకు కూడా వచ్చారు. కొడుకు రానంటే రానని మొండికేస్తే మాస్టారే బతిమాలి తీసుకొచ్చారు.

"బ్రోకరుకి రిజిస్ట్రేషన్ అయితేనే కమీషన్. తన నోటి దగ్గర కూడు తనే పడగొట్టుకోడు," అంటూ మొదలుపెట్టింది మేడమ్. "ఈ అబ్బాయి మంగళవారం నుంచి ఆస్పత్రి దాటలేదు, నర్సు చెప్పింది. ఇక బయటి దొంగ. వాడికి కాయితం కావాలంటే కవరుతో పట్టుకుపోతాడు. తెల్ల కాయితం పెట్టి కవరు సర్దాడంటే, ఆ కవరు మాటిమాటికీ చేత్తో తడిమి చూసుకునే మనిషి ఉందని తెలిసినవాడే. ఇంటివాడే."

మాస్టారు సందు చివర లామినేషన్ షాపు రసీదు బల్ల మీద పెట్టారు. దాని మీద మంగళవారం తేదీ ఉంది.

"ముఖ్యమైన కాయితం కదా, చెడిపోకుండా ప్లాస్టిక్ వేయించారు. అవునా బాబూ? ప్లాస్టిక్ వేసిన కాయితం మీద కోర్టు ముద్ర దిగదు, స్టాంపు అంటదు. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఇస్త్రీపెట్టెతో కాల్చి ఊడదీయబోయారు. ప్లాస్టిక్‌తో పాటు సంతకం కూడా ఊడొచ్చింది."

భర్త ఆ రసీదునే చూస్తూ ఒప్పుకున్నాడు. వకీలు గుమాస్తాకి ఫోన్ చేస్తే ప్లాస్టిక్ కాయితం చెత్తబుట్టలో వేసుకోమన్నాడట. బుధవారం తెల్లవారగానే ఇంకో సంతకం కోసం షాపాయన ఇంటికి పరిగెత్తితే ఆస్పత్రిలో ఉన్నాడన్నారట.

"నీకు చెప్పడానికి భయమేసింది," అన్నాడు భార్యతో.

"మరి నాకు?" అంది ఆవిడ. "నిన్నటి నుంచి గాలికి తలుపు కదిలినా చచ్చిపోతున్నాను. దొంగని పట్టుకోమని మీరు నాతో పాటు మెట్లెక్కారు."

ఆవిడ అతన్ని వదిలేసి లేచి, షాపాయన కొడుకు ముందు నిలబడింది. నిన్న అన్న మాటలన్నీ తప్పేనని, క్షమించమని చేతులు జోడించింది. కుర్రాడు ఇబ్బందిగా కదిలాడు. నాన్నకి మాట తడబడుతోంది గానీ తెలివి బాగానే ఉందని, కానీ సంతకం పెట్టలేడుగా అని అన్నాడు.

"నేను నకళ్ళు రాసిన కాయితాల్లో సగం వేలిముద్రలవే," అంది మేడమ్. "ఎడమ బొటనవేలు చాలు. డాక్టరూ వకీలూ సాక్షి సంతకాలు పెట్టాలి. ఈ మాట బుధవారమే చెప్పుంటే, అమ్మాయి ఇలా వణకాల్సిన పనే లేదు."

అయిదింటికి ఆస్పత్రి మంచం పక్కన వకీలు అడిగాడు, ఈవిడ మీకేమైనా బాకీ ఉందా అని. షాపాయన మాట కూడదీసుకోవడానికి అవస్థ పడ్డాడు. "అంతా... ఇచ్చేసింది," అన్నాడాయన. కొడుకే తండ్రి వేలు పట్టుకుని సిరా అద్దించాడు.

శుక్రవారం పన్నెండు దాటాక కోర్టు ముద్ర పడింది. కోర్టు గుమాస్తా కిటికీలోంచి కాయితం ఇచ్చాడు. టైలరు దాన్ని రెండుసార్లు చదువుకుంది. భర్త నాలుగడుగుల దూరంలో, దగ్గరికి రావచ్చో లేదో తెలీక నిలబడ్డాడు. బ్యాంకు మూసేలోగా చేరాలి. ఆవిడ వెళ్ళి కాయితం అతని చేతిలో పెట్టింది.

"మీరే పట్టుకోండి. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి," అంది.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా అతను కూర్చోలేదు. కాయితాన్ని రెండు చేతులతో పట్టుకుని బ్యాంకు దాకా నిలబడే ఉన్నాడు.