వానకి ఊడే గొట్టం

మా పెద్దమ్మ ఇంటి వెనక మూలకి చెడ్డపేరు. చీకటి పడ్డాక అటు తొంగిచూసే మనిషి లేడు. పేపరు వేసే అతను కూడా గేటు బయటినుంచే విసిరేసి పరుగో పరుగు. పెదనాన్న రోజూ పేపరు కోసం పూలకుండీలు వెతుక్కునేవాడు.

వాన కురిసిన రాత్రి ఆ మూల గోడలోంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తుందనేవారు. గుక్కపట్టి కాదు... నిద్రలో వెక్కినట్టు, సన్నగా.

ఆ గోడకి అవతలి గదిలోనే పెద్దమ్మ కూతురు జ్వరంతో పోయింది. ఇంకా మాటలు తిరగని పిల్ల. భగవంతుడికి అంత తొందరేమొచ్చిందో. ఇప్పటికీ దేవుడి ముందు కూర్చుంటే దాని కోసం ఒక దణ్ణం ఎక్కువ పెడతాను. అది పోయాక పెద్దమ్మ ఒక్కతే ఆ గదిలో, ఆ గోడకి ఆనుకునే పడుకునేది. ఎవరెంత చెప్పినా మంచం జరపనివ్వలేదు.

ఇదంతా మా మామయ్య చెప్పగా విన్నదే. పెద్దమ్మకి తమ్ముడు. ప్రెస్సులో రాత్రి డ్యూటీ. వాళ్ళింట్లోనే మేడ మీద గదిలో ఉండేవాడు. మెట్లు ఆ వెనక మూలనుంచే కాబట్టి, ఆయనకి మాత్రం అటు వెళ్ళక తప్పేది కాదు.

ఏడుపు సంగతి అలా ఉంచండి. అసలు చిక్కు గొట్టంతో వచ్చింది. డాబా మీది వాన నీళ్ళన్నీ ఆ మూల గొట్టంలోంచి దిగి, సరిగ్గా గోడ మొదట్లో పడేవి. పునాది నాని, నేల కుంగి, గోడ బీట వారింది. మామయ్య గొట్టం అడుగున ఒక వంపు ముక్క తగిలించి, దానికి పొడుగు గొట్టం కలిపి, నీళ్ళు దూరంగా వీధి కాలువలోకి పోయేలా చేశాడు.

వాన వచ్చింది. తెల్లారి చూస్తే గొట్టం ఊడి పక్కన పడుంది. మళ్ళీ బిగించాడు. మళ్ళీ వాన... మళ్ళీ అంతే.

"నీ బిగింపు అఘోరించినట్టే ఉంది" అన్నాడు పెదనాన్న. "దెయ్యాలకి వేరే పనిలేక నీ గొట్టాలు పీకుతున్నాయా, బావమరిదీ?"

నవ్వాడే గానీ, రాత్రిపూట ఆయనా అటు వెళ్ళేవాడు కాదు.

గోడ బీట వేలు దూరేంత అయింది. ఇంకో పెద్ద వానకి కూలిందంటే... పడేది పెద్దమ్మ మంచం మీదే.

ఆ రాత్రి జోరువాన. మామయ్య డ్యూటీ దిగి, దేవుణ్ణి తలుచుకుంటూ ఇంటి పక్క సందులోకి తిరిగాడు. ఏడుపు లేదు. నీళ్ళు బుద్ధిగా కాలువకేసి పోతున్నాయి. హమ్మయ్య అనుకున్నాడు —

మూలలో ఏదో కదిలింది.

తెల్లగా... నేలకి అతుక్కుని... తల లేనట్టుగా.

ఆ తెల్లటిది ముందుకు వంగింది. గొట్టాన్ని రెండు చేతులా పట్టి లాగింది — ఊడొచ్చింది. నీళ్ళు ధారగా గోడ మొదట్లో పడ్డాయి.

ఒక్క క్షణం... అంతే. గోడలోంచి సన్నగా ఏడుపు మొదలైంది.

మామయ్య చేతిలో గొడుగు జారిపడింది. ఆ చప్పుడికి ఆకారం ఇటు తిరిగింది. నెత్తిమీది దుప్పటి తీసింది.

"అరవకురా... మీ బావ లేస్తారు."

పెద్దమ్మ.

"అక్కా! నువ్వా?..." మామయ్యకి అప్పుడు అర్థమైంది. "అది పాప కాదక్కా. పునాది గుల్లయిపోయింది. నీళ్ళు అందులోకి దిగే చప్పుడు..."

"నాకు తెలీదట్రా? పీకేది నేనేగా."

"మరి —"

పెద్దమ్మ ముఖం మీంచి వాన కారుతోంది.

"దాని గొంతు మర్చిపోతున్నానురా" అంది గుసగుసగా. "మొహం గుర్తుంది. చేతులు గుర్తున్నాయి. గొంతే... ఎంత తలుచుకున్నా రావట్లేదు. ఇది వింటే కాస్త దగ్గరికొచ్చినట్టుంటుంది. ఆ కాస్తా కాలవలో కలిపేస్తానంటావు నువ్వు."

మామయ్య అక్క పక్కనే బురదలో చతికిలబడ్డాడు. ఇద్దరూ అలా వింటూ కూర్చున్నారు... ఎంతసేపో.

చివరికి మెల్లిగా అన్నాడు — "ఆ గోడ నీ మీద పడితే, దాన్ని తలుచుకునేవాళ్ళు ఎవరుంటారక్కా?"

పెద్దమ్మ ఊడిన గొట్టాన్ని చీకట్లో తడిమి తీసింది. కొంగుతో బురద తుడిచి, వంపు ముక్కకి తనే ఆనించి పట్టుకుంది. మామయ్య బిగించాడు. నీళ్ళు కాలువకి మళ్ళాయి. గోడలో వెక్కిళ్ళు ఒక్కొక్కటే తగ్గి... తగ్గి... ఆగిపోయాయి.

ఆ తర్వాత గొట్టం ఎప్పుడూ ఊడలేదు. గోడ బీట పూడ్పించారు.

మళ్ళీ జోరువాన పడ్డ రాత్రి మామయ్య వచ్చేసరికి ఆ గది తలుపు తీసుంది. పెద్దమ్మ నేల మీద కూర్చుని, గోడకి చెవి ఆనించి ఉంది. బయట అంత వాన... గోడలో మాత్రం చప్పుడు లేదు. ఉన్న ఆ కాస్తా నేనే లాక్కున్నానే అని గుండె తరుక్కుపోయిందట ఆయనకి. ఓదారుద్దామని లోపలికి అడుగు వేశాడు.

పెద్దమ్మ చటుక్కున పెదాల మీద వేలు పెట్టింది.

"మెల్లిగా రా... ఇప్పుడే పడుకుంది."