యూ-టర్న్ అవతలి సంబంధం

వాన ముందు గాలికి సత్యశ్రీ బాల్కనీలో ఆరేసిన పట్టు జాకెట్టు ఎగిరింది. ఎగిరి, కింద నాలుగు వరసల రోడ్డు దాటి, ఎదుటి టవర్ ఏడో అంతస్తులో టీ తాగుతున్న అబ్బాయి మొహాన పడింది.

ఆ రోడ్డును అంత తేలిగ్గా దాటిన వస్తువు అంతవరకూ ఇంకోటి లేదు.

అబ్బాయి జాకెట్టును మొహం మీంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. సత్యశ్రీ సిగ్గుతో చచ్చిపోతూ చెయ్యూపింది. తెచ్చిస్తానని అతను సైగ చేశాడు.

సత్యశ్రీ గేటు దగ్గరికి దిగి నిలబడింది. వాన మొదలై, జోరందుకుని, వెలిసిపోయింది. అప్పుడొచ్చాడు బైకు మీద, నెత్తి మీంచి నీళ్ళు కారుతుండగా.

"ఎదురిల్లే కదండీ. జాకెట్టు ఎత్తుకుపోయారేమో అనుకున్నాను," అంది.

"నేనేసుకుంటే చేతులు పట్టలేదండి, అందుకే తెచ్చీసాను," అన్నాడతను జాకెట్టు ప్లాస్టిక్ కవర్లోంచి తీస్తూ. "ఎదురిల్లేటండి? బలిఘట్టం జంక్షన్ దాకా పోయి యూ-టర్న్ కొట్టి రావాల. మధ్యలో పెట్రోలయిపోతే ఏటి సేయాల?"

"డివైడర్ దాటీసి రావచ్చు గదా."

"దాటొస్తే మీ వాచ్‌మేన్ రానిస్తాడా?"

రానివ్వడు. అదీ అక్కడి కథ.

నర్సీపట్నం దాటాక జీడితోటలు కొట్టేసి కట్టిన ఆ రెండు టవర్లకి 'అర్బన్ స్కైలైన్' అని పేరు. అమ్మేటప్పుడు ఇచ్చిన రంగుల కాగితం మీద చెట్ల నీడన ఫుట్‌పాత్, ఫుట్‌పాత్ మీద కుర్చీ, కుర్చీలో కాఫీ తాగుతూ ఓ తెల్లమ్మాయి ఉండేది. టవర్లు లేచాయి. ఫుట్‌పాత్ రాలేదు. ఆ అమ్మాయి కూడా రాలేదు. వచ్చినా ఆమెకి బండి నంబరు లేకపోతే లోపలికి పంపరు. వాచ్‌మేన్ దేవుళ్లు చేతిలోని మిషన్లో బండి నంబరు కొట్టందే రెండో పేజీ తెరుచుకోదు. నడిచొచ్చే మనిషి ఒకరుంటారని ఆ మిషన్ చేసినవాళ్ళకి తోచలేదు.

సత్యశ్రీ నాన్న తాతాజీ ఊళ్ళో సందులోని పెంకుటిల్లు అమ్మి మరీ ఇక్కడ ఫ్లాటు కొన్నాడు. ఆ సందులో సత్యశ్రీకి కుట్టుపనితో తీరిక ఉండేది కాదు. ఇప్పుడు నాతవరం ఆటో దిగి వచ్చిన ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డలు చంకన పెట్టుకుని గేటు దగ్గర్నించే తిరిగిపోతున్నారు. కుట్టుమిషన్ మీద దుమ్ము పడుతోంది.

"నాన్నా, ఊళ్ళోకి ఎలిపోదాం. ఇక్కడ మనిషి మొహమే కనబడట్లేదు," అంటే తాతాజీ వినడు.

"ఏడంతస్తుల మీదుండి మనిషి మొహమేటే. ఇది సిటీ. సిటీలో నడిసీవోళ్ళుండరు," అంటాడు. అని, కొత్తిమీర కట్ట కోసం సెకండ్ హ్యాండ్ కారు తీస్తాడు. కొత్తిమీర అమ్మే జోగి సింహాద్రమ్మ పాక ఎదుటి టవర్ పక్కనే, వాళ్ళ బాల్కనీలోంచి కనిపిస్తూ ఉంటుంది. ఆయన తిరిగొచ్చేసరికి కొత్తిమీర వాడిపోతుంది.

జాకెట్టు తెచ్చినవాడి పేరు గోవింద్. ఊళ్ళో ఎరువుల కొట్టు నడుపుతాడు. తర్వాత రోజూ ఇద్దరూ ఎవరి బాల్కనీలో వాళ్ళు నిలబడి, ఒకరినొకరు చూసుకుంటూ, ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు.

"ఇవాళేటి కూర?"

"వాసన రావట్లేదా? దూరం కాదు గదా."

"వాసనకి యూ-టర్న్ నేదు గానీ, నాకున్నాదండి."

నవ్వితే పళ్ళు కనిపించేంత దగ్గర. చెయ్యి పట్టుకుందామంటే జంక్షన్ దాకా పోయిరావాలి. ఇలా ఎన్నాళ్ళని, గోవింద్ వాళ్ళమ్మ జోగులమ్మ చేత సంబంధం కబురు పంపించాడు.

తాతాజీ ఒకటే అడిగాడు. "అబ్బాయికి కారుందా?"

"లేదు నాన్నా. బైకుంది."

"బైకు మీద పెళ్ళిచూపులకొస్తే రెండు టవర్లూ బాల్కనీల్లోంచి సూస్తాయి. నా పరువేటవ్వాల? యలమంచిలి సంబంధమోళ్ళు పెద్ద కారులో వొచ్చే శుక్రవారం సాయంత్రం వొస్తామన్నారు. ఆ అబ్బాయి అదే రోజు పొద్దున్న దుర్ముహూర్తం రాకముందే కారులో వొచ్చి గడప దాటితే సరే. నేదంటే అది శకునమే అనుకుంటాను, యలమంచిలి ఖాయం."

తల్లి అప్పలలక్ష్మి మొగుడి మొహం చూసి, పూర్ణాలకి పప్పు కొలవడానికి లేచింది.

ఆ రోజు రానే వచ్చింది. గోవింద్ అద్దెకారు తెప్పించాడు. జోగులమ్మ జరీ అంచు చీర, చేతిలో పళ్ళపళ్ళెం. రెండు టవర్ల వాళ్ళూ బాల్కనీల్లోకి వచ్చారు. కారు గేటు దాటి ఎడమకి తిరిగి, అక్కడే ఆగిపోయింది.

జంక్షన్లో చెరుకు ట్రాక్టరు తిరగబడింది. చెరుకంతా యూ-టర్న్ నిండా పరుచుకుంది. బండ్లు వెనక్కి వెనక్కి పేరుకుంటూ గోవింద్ వాళ్ళ గేటు దాకా వచ్చేశాయి.

తాతాజీ బాల్కనీలో గడియారం చూసుకుంటున్నాడు. "అదిగో, శకునం," అన్నాడు, పెద్ద బాధ లేకుండానే.

సత్యశ్రీ ఫోన్ తీసింది.

"దిగి నడిచి రండి."

"మీ నాన్నగారు కారులోనే రమ్మన్నారు గదా."

"నేను కారుని చేసుకోను. మిమ్మల్ని చేసుకుంటాను. రండి."

ఆ మాట అనేశాక గానీ నాన్న పక్కనే ఉన్నాడని గుర్తు రాలేదు. అవతల గోవింద్ కారు తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

"అమ్మ డివైడర్ ఎక్కలేదు సత్యా," అన్నాడు. అండీలు అప్పుడే పోయాయి.

సత్యశ్రీ కుట్టుమిషన్ ముందరి స్టూలు చంకన పెట్టుకుని లిఫ్టులోకి పరుగెత్తింది. పట్టుచీర, పూలజడ, చంకలో స్టూలు. రోడ్డు అంచున ఆగి రెండు వైపులా చూసి, నమ్మకం చాలక మళ్ళీ చూసింది. జంక్షన్ మూసుకుపోవడంతో ఇటువైపు రోడ్డు ఖాళీ. వెళ్ళి స్టూలు డివైడర్ అవతల దించింది.

"ఓలమ్మ, పెళ్ళికూతురే ఎదురొచ్చీసింది," అంది జోగులమ్మ, కొడుకు చెయ్యి పట్టుకుని స్టూలెక్కుతూ. దిగేటప్పుడు సత్యశ్రీ భుజం పట్టుకుంది. "నీ భుజం గట్టిదేనే. మావోడిని మొయ్యగలవు."

"బేగి రండత్తా, టైమైపోతంది."

పై నుంచి ఎవరో ఈల వేశారు. గేటు దగ్గర దేవుళ్లు మిషన్ పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"బండి నంబరు సెప్పండి."

"బండి నేదు. నడిసొచ్చాం," అన్నాడు పళ్ళపళ్ళెం పట్టుకున్న గోవింద్.

"నంబరు కొట్టందే మిషన్ ఒప్పుకోదు బాబూ. నా ఉద్దోగం పోద్ది."

గోవింద్ తన బైకు నంబరు చెప్పాడు. బైకు ఎదురుగా లేకుండా రాయనన్నాడు దేవుళ్లు. సత్యశ్రీకి ఏడుపొచ్చేస్తోంది. అంత రోడ్డూ దాటి, చివరికి ఇక్కడ.

లిఫ్టు తెరుచుకుంది. తాతాజీ ఆయాసపడుతూ వచ్చాడు. కూతురి చీర కుచ్చిళ్ళకి అంటిన దుమ్ము చూశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ జోగులమ్మని చూశాడు. ఈ ఫ్లాటుకొచ్చాక ఆయన గడప తొక్కడానికి ఎవరూ ఇంత కష్టపడలేదు. అసలు ఎవరూ రాలేదు.

"ఒరే దేవుళ్లూ, నా కారు నంబరు కొట్టు."

"మీ కారు లోపలే ఉన్నాది గదండీ."

"అక్కడే ఉన్నాది, సూసుకో. అందులో వొచ్చినట్టు రాసుకో. బేగి కొట్టరా, దుర్ముహూర్తం వొచ్చేస్తంది."

మిషన్ రెండో పేజీ తెరుచుకుంది. జోగులమ్మ కుడికాలు గడప లోపల పెట్టేసరికి అప్పలలక్ష్మి పూర్ణాల పళ్ళెంతో సిద్ధంగా ఉంది. అమ్మాయిని చూడ్డానికేం లేదు, అప్పటికే అందరూ చూసేశారు.

"ఇంతకీ అమ్మాయికేటొచ్చు?" అంది జోగులమ్మ, అడగాలి కాబట్టి.

"స్టూలు మొయ్యడం," అన్నాడు గోవింద్.

"జాకెట్లు కుట్టడం కూడా. మీ అబ్బాయి కొలతలు తెలుసు, చేతులు పట్టవు," అంది సత్యశ్రీ తల వంచుకునే.

తాతాజీ నవ్వు ఆపుకుంటూ ఫోన్ అందుకుని యలమంచిలి వాళ్ళకి రావద్దని చెప్పాడు.

తాంబూలాలు పుచ్చుకుని కిందికి దిగేసరికి అద్దెకారు చెరుకంతా దాటుకుని అప్పుడే గేటు ముందుకొచ్చింది. ఎక్కండమ్మా అన్నాడు డ్రైవరు.

"సిటీ అంతా తిరిగి నువ్వు రా బాబూ," అంది జోగులమ్మ. "మేం ఇంటికెళ్ళి నీకు టీ పెట్టి ఉంచుతాం."

మర్నాడు ఎదుటి టవర్ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డలతో స్టూలెక్కి దిగారు. గేటు దగ్గర ఏ బండి అని అడిగితే, "తాతాజీ గారి కారు," అన్నారు.

ఆ తర్వాతి పొద్దున అప్పలలక్ష్మి కొత్తిమీర కావాలంది. తాతాజీ మేకుకి వేలాడుతున్న కారు తాళం వైపు చెయ్యి చాపి, ఆగి, గుమ్మం పక్కన స్టూలు కోసం వెతికాడు.

"అమ్మాయీ, స్టూలేదే?"

"డివైడర్ దగ్గరే ఉంచీసాను నాన్నా," అంది సత్యశ్రీ బాల్కనీలోంచి, ఎదుటి బాల్కనీ మీంచి చూపు తిప్పకుండానే. "రెండు వైపులా సూసి దాటు."